పది నిమిషాలకు ఆరే తెర

పొద్దున్న పూట ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లు స్కూటర్ దిగకుండానే కేకలేస్తారు. ష్యూమాన్ పెద్ద పెనం మీద గుడ్డు రొట్టెలు తిప్పాలి, ముల్లంగి పిండి ముక్కలు వేయించాలి, గ్లాసుల్లో సోయా పాలు పోయాలి, ఇవన్నీ చేస్తూ నవ్వాలి కూడా. చాంగ్‌హువా ఊళ్లో ఆ వీధి ఒక్కదానిలోనే ఇలాంటి దుకాణాలు బోలెడు. నవ్వని మనిషి దగ్గర ఎవరూ ఆగరు.

సరిగ్గా చేతినిండా పని ఉన్నప్పుడు వెనక గదిలో జపం ఆగిపోయింది.

"మళ్లీ చచ్చింది" అని గొణుక్కుంటూ ఆమె అట్లకాడ చేతిలో పట్టుకునే లోపలికి పరుగెత్తింది.

గదిలో మామగారు లియావ్ మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయింది, మాట పోయింది. కుడి చెయ్యి మాత్రం కాస్త ఆడుతుంది. ఆ చేతి పక్కనే స్టూలు మీద ఆయన పాత ఫోను. అందులో సన్యాసి గొంతు "నమో అమితాభ, నమో అమితాభ" అని రోజంతా వినిపిస్తూ ఉండాలి. పెద్దవాళ్లు ఏ క్షణాన పోతారో తెలియదు కనుక ఆ క్షణంలో ఆ పేరు చెవిలో ఉండాలని ఆ ఇంటి నమ్మకం. కానీ ఆ జపం డబ్బు కట్టకుండా వచ్చే వీడియో. తెర వెలుగుతున్నంతసేపే గొంతు. తెర ఆరిందంటే బుద్ధుడైనా సరే నోరు మూసుకోవలసిందే.

"మీకేం మామయ్యా, హాయిగా పడుకుని వింటారు. పరుగెత్తే కాళ్లు నావి" అంటూ ష్యూమాన్ తెర మీద వేలితో పొడిచింది. వెలుగు వచ్చింది, జపం మొదలైంది. ముసలాయన నోరు ఒక పక్కకి సాగింది. గొంతులోంచి "ఆ... ఆ..." అని ఏదో వచ్చింది.

"ఏంటా నవ్వు? అక్కడ నా రొట్టె మాడిపోతోంది!"

ఆ నవ్వు చూస్తేనే ఆమెకు ఒళ్లు మండేది. పెనం దగ్గరికి వచ్చి ఊపిరి పీల్చుకునేలోపే తెర మళ్లీ ఆరేది. పది నిమిషాలకోసారి ఆరేలా ఉంది ఆ ఫోను. ఆమె మళ్లీ వెళ్లేది, మళ్లీ తిట్టేది, ఆయన మళ్లీ నవ్వేవాడు.

సాయంత్రం సైకిల్ విడిభాగాల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొగుడు వెన్‌లుంగ్ మీద విరుచుకుపడింది. "ఆ ఫోను సంగతి తేలుస్తావా, నన్నే తేల్చేయమంటావా?"

"నిన్న రాత్రి ఎప్పుడూ ఆరకుండా పెట్టాను కదా!" అతను ఫోను తీసి చూశాడు. "ఇదేంటి, మళ్లీ పది నిమిషాలకి వచ్చింది? దీనికీ పక్షవాతం వచ్చినట్టుంది."

తండ్రి మంచం పక్కనే నిలబడి అన్నాడా మాట. ష్యూమాన్ నవ్వింది. ముసలాయన కళ్లు ఇద్దరి మొహాల మీదా తిరిగి గోడ వైపు పోయాయి. వెన్‌లుంగ్ ఎప్పటిలాగే తెర ఆరకుండా పెట్టాడు. మర్నాడు పొద్దున్నకి అది ఎప్పటిలాగే పది నిమిషాలకి వచ్చేసింది.

ఇది తన ఆడపడుచు లియింగ్ పనేనని ష్యూమాన్‌కి గట్టి అనుమానం. పక్క ఊరి నుంచి వారంలో ఒకటి రెండుసార్లు బొప్పాయి ముక్కలు డబ్బాలో పెట్టుకుని వస్తుంది. తండ్రి నోట్లో రెండు ముక్కలు పెడుతుంది, పూజ అరుగు మీద వేలితో రాసి దుమ్ము చూపిస్తుంది, వెళ్లిపోతుంది. తనని పరుగులు పెట్టించి, జపం ఆపేసిందని చెప్పుకు తిరగడానికే ఆవిడ ఫోను మారుస్తోందని ష్యూమాన్ తీర్మానించుకుంది. లియింగ్ తీర్మానం ఇంకోలా ఉంది. మరదలికి ఆ శబ్దం పడదు, అందుకే ఆరేలా పెడుతోందని.

ఇద్దరి తీర్మానాలూ ఒక ఆదివారం పొద్దున ఎదురుపడ్డాయి. దుకాణం కిటకిటలాడుతోంది. ష్యూమాన్ వెళ్లలేక వెళ్లలేక జపాన్ని అలాగే వదిలేసింది. చెప్పాపెట్టకుండా వచ్చిన లియింగ్ నేరుగా గదిలోకి వెళ్లి, అంతే వేగంగా బయటికి వచ్చింది.

"చూడండి, అందరూ చూడండి! మా నాన్న అక్కడ చడీచప్పుడు లేని గదిలో పడుంటే ఈవిడ ఇక్కడ ఇకిలిస్తూ పాలు పోస్తోంది!"

"గొంతు తగ్గించండి వదినా, బేరాలున్నాయి."

"బేరాలా? జపం తెగిన ఆ కాసేపట్లో ఆయన ప్రాణం పోతే ఏ దారిన పోతాడు? నీకెందుకులే, నీకు కావలసింది ఆ గది!"

"అవును, గదే కావాలి! సోయా గింజల బస్తాలు మెట్ల మీద పెట్టుకుంటున్నాను. అంత ప్రేముంటే మీ నాన్నని మీ ఇంటికి తీసుకుపొండి. బొప్పాయి పెట్టేది మీరు, కింద గుడ్డలు మార్చేది నేను!"

"మాది పై అంతస్తు, లిఫ్టు లేదు. తెలిసే అంటున్నావు."

"ప్రేమక్కూడా లిఫ్టు కావాలా?"

స్కూటర్ మీద కూర్చున్న ఒకాయన కిసుక్కుమన్నాడు. లియింగ్ మొహం ఎర్రబడింది. మేడ మీద నిద్రపోతున్న వెన్‌లుంగ్ దిగివచ్చి ఇద్దరినీ గదిలోకి తోసుకెళ్లాడు. ఆ తగువు ఇప్పుడు మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి, ముసలాయన మీదుగా సాగింది.

"పది నిమిషాలే ఉంది మళ్లీ" అన్నాడు వెన్‌లుంగ్ ఫోను చూసి. "రాత్రి నేను సరిచేసి పడుకున్నాను. మారుస్తున్నది ఎవరు?"

"నీ పెళ్లామే!"

"మీ అక్కే!"

"నేను నిన్న రాలేదు కదే, నీ మతి మండా!"

"అయితే ఫోనుకే కాళ్లొచ్చాయా? ఇంకా ఎన్నాళ్లు నాకీ కాపలా? పోయేవాళ్లు పోరు, ఉన్నవాళ్లని చంపుకుతింటారు!"

ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. వెన్‌లుంగ్ కూడా చెప్పలేదు. నిజానికి అతనికీ అలాగే ఉంది, అనే ధైర్యం లేదంతే.

అప్పుడు ముసలాయన కుడి చెయ్యి లేచింది. వణుకుతూ ఫోను వైపు వెళ్లింది, వెనక్కి వచ్చి సొంత రొమ్ము మీద పడింది. "ఆ... ఆ..." అన్నాడు. మళ్లీ ఫోను వైపు చూపించి మళ్లీ రొమ్ము మీద కొట్టుకున్నాడు.

"గుండె నొప్పంటున్నాడా?" అన్నాడు వెన్‌లుంగ్.

"కాదురా, అమితాభుడు మనసులో ఉన్నాడంటున్నాడు. జపం ఆపొద్దంటున్నాడు. పాపం మా నాన్న" అంటూ లియింగ్ కళ్లు తుడుచుకుంది.

ముసలాయన చెయ్యి ఇంకోసారి లేచింది. ఈసారి ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నానికల్లా వెన్‌లుంగ్ గుడి పక్కన పూజ సామాన్ల కొట్టుకి వెళ్లి అరచేతిలో పట్టే పసుపుపచ్చ జపం పెట్టె కొనుక్కొచ్చాడు. దానికి ఒకటే మీట. నొక్కితే చాలు, కరెంటు ఉన్నంతకాలం అదే పేరు అదే రాగంలో పాడుతుంది. దాన్ని ఎవరికీ అందకుండా ఎత్తున, గోడ అల్మారా మీద పెట్టాడు. ఫోనుని అందరి ముందూ చివరిసారిగా ఆరకుండా పెట్టి మంచం మీద పడేశాడు.

"దీనికి తెరా లేదు, ఆరేదీ లేదు. ఇంక ఎవరూ మాటిమాటికీ లోపలికి రానక్కర్లేదు నాన్నా" అన్నాడు సంతోషంగా.

ముసలాయన ఆ పెట్టె వైపు చాలాసేపు చూశాడు. నోరు ఏ పక్కకీ సాగలేదు.

ఆ తరవాత ఇల్లు చల్లబడింది. జపం తెగడం లేదని లియింగ్ రావడం తగ్గించింది. వెన్‌లుంగ్ సాయంత్రాలు గుమ్మంలోంచే "బాగున్నావా నాన్నా" అని మేడెక్కేవాడు. ష్యూమాన్ రొట్టెలు మాడడం మానేశాయి. పొద్దున్న ఒకసారి వెళ్లి గుడ్డలు మార్చి, కొయ్యబారిన ఆయన కుడిచేతి వేళ్లకి ఆకుపచ్చ మందునూనె రాసి వచ్చేది. రద్దీ తగ్గాక గంజి పట్టేది. ఆయన రెండు చెంచాలు మింగి మొహం తిప్పేసేవాడు. ఎప్పుడూ ఆ ఫోనుని కుడిచేత్తో పట్టుకుని బొటనవేలితో రాస్తూ ఉండేవాడు.

"ఆడుకోండి, ఆడుకోండి. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికింది" అనేది ఆమె గిన్నె తీసుకుని వెళ్లిపోతూ. పని తగ్గిందని ఆమె మనసు ఎంత తేలికపడిందంటే, ఆయన తేలికైపోతున్న సంగతి గుడ్డలు మార్చేటప్పుడు తెలిసినా తెలియనట్టే ఉండిపోయింది.

ఒక వాన పొద్దున స్కూటర్ ఆయన ఏదో హాస్యమాడాడు. ష్యూమాన్ పొట్ట పట్టుకుని నవ్వింది. వానకి జనం పలచబడ్డాక, ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే గంజి గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లింది. పైన పెట్టె పాడుతోంది. ముసలాయన తల గుమ్మం వైపు తిరిగి ఉంది. రొమ్ము మీద చేతిలో ఫోను, తెర తెల్లగా వెలుగుతోంది.

"మళ్లీ ఈ ఫోనేంటి? పెట్టె మోగుతోంది కదా, చెవులు కూడా పోయాయా?" అంటూ ఆమె ఫోను లాక్కుని ముందు కట్టుకున్న గుడ్డ జేబులో కుక్కుకుంది. ఆయన చెయ్యి పట్టు వదిలి మంచం అంచున వేలాడింది, అలాగే ఉండిపోయింది.

గిన్నె ఆమె చేతిలోంచి జారి పడింది. పెట్టె మాత్రం ఒక్క అక్షరం తప్పకుండా పాడుతూనే ఉంది.

గుడి నుంచి జపం చేసే ఆడవాళ్లు నల్లని అంగీలు వేసుకుని వచ్చారు. వాళ్లలో పెద్దావిడ గుమ్మంలోనే చెప్పింది. "సాయంత్రం దాకా ఆయన్ని ఎవరూ తాకకూడదమ్మా. చెయ్యి అలా వేలాడుతున్నా సర్దకూడదు. ఏడుపొస్తే బయటికి వెళ్లి ఏడవండి. మీ స్పర్శకీ మీ కన్నీళ్లకీ ఆయన వెళ్లాల్సిన దారిలో ఆగిపోతాడు."

లియింగ్ తడిసిపోయి వచ్చింది. గుక్కపట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మంచం పక్కన కూలబడింది. కాసేపటికి తల ఎత్తి "ఆ పెట్టె గొంతు గీరుకుపోతోంది. నాన్నకి అలవాటైన స్వామి గొంతు పెట్టండి, ఫోనులోది" అంది.

ష్యూమాన్ జేబులోంచి ఫోను తీసింది. తెర మీద జిడ్డుగా, మెలికలు తిరిగిన బొటనవేలి జాడ, ఆకుపచ్చ మందునూనె వాసన. నల్లబడ్డ తెరని తాకితే వెలిగింది. ముసలాయన ఆఖరున తెరిచినది జపం కాదు, తెర ఎంతసేపటికి ఆరాలో పెట్టుకునే చోటు. అక్కడ 'పది నిమిషాలు' దగ్గర గుర్తు ఉంది.

వెన్‌లుంగ్ అందరి ముందూ ఆరకుండా పెట్టిన రోజు నుంచి ఈ ఫోను ఆయన చెయ్యి దాటి ఎక్కడికీ పోలేదు. రొమ్ము మీద కొట్టుకున్నది నొప్పికీ కాదు, భక్తికీ కాదు. "నేనే, నేనే" అంటున్నాడు.

ఒకప్పుడు ఈ దుకాణం ఆయనదే. పెనం ఉన్న చోట బల్ల వేసుకుని ఊరందరి రేడియోలూ విప్పి బాగుచేసినవాడికి, తన ఫోను తెర ఎప్పుడు ఆరాలో పెట్టుకోవడం ఒక లెక్కా? క్షణానికోసారి ఆరేలా కూడా పెట్టుకోవచ్చు. అంత అడగలేదు. తెర ఆరితే ఎవరో ఒకరు వస్తారు, తిడుతూ అయినా వస్తారు. పది నిమిషాలకి ఒక మొహం, అంతే ఆయన అడిగింది. పెట్టె ఆగదని తెలిసీ, ఎవరూ రారని తెలిసీ, మళ్లీ అదే చేసి గుమ్మం వైపు చూస్తూ పడుకున్నాడు.

పైగా ఆమె లాక్కున్నప్పుడు తెర ఇంకా వెలుగుతోంది. అంటే అంతకు ముందు పది నిమిషాల్లోపు ఆయన బతికే ఉన్నాడు. అప్పుడు ఆమె బయట పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ష్యూమాన్ జపం పెట్టి ఫోనుని స్టూలు మీద నిలబెట్టింది. వెన్‌లుంగ్ లేచి గోడ మీది పెట్టె ఆపేసి, ఫోను వైపు వంగాడు. "ఆగు, ఆరకుండా పెడతాను."

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు. ముట్టుకోకు."

"అదేంటే, మధ్యలో ఆగిపోతుంది కదా!" అంది లియింగ్.

"ఆయనే పెట్టుకున్నారు వదినా. రోజూ ఆయనే. మీరూ కాదు, నేనూ కాదు." ఏడవకూడదని పెదవి కొరుక్కుంది. "మనం వస్తామని పెట్టుకున్నారు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. లియింగ్ ఫోను వైపు చూసింది, తండ్రి చేతి వైపు చూసింది. ఆ చెయ్యి రొమ్ము మీద కొట్టుకోవడం గుర్తొచ్చింది కాబోలు, మొహం ఒక్కసారిగా పాలిపోయింది. వెన్‌లుంగ్ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. దుకాణం తలుపు మూసి ఉంది, కొడుకు ఫ్యాక్టరీకి సెలవు చెప్పేశాడు, లిఫ్టు లేని పై అంతస్తు నుంచి కూతురు దిగి వచ్చింది. ముసలాయన బతికుండగా ఒక్కనాడూ ఆ గదిలో ఇంతమంది ఇంతసేపు కూర్చోలేదు.

తెర మసకబారింది. ష్యూమాన్ వేలితో తాకింది, వెలిగింది. ఇంకోసారి మసకబారినప్పుడు వెన్‌లుంగ్ మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి తాకాడు.

మూడోసారి ఇద్దరూ కదలకముందే లియింగ్ లేచింది. స్టూలు దగ్గర మరదలి పక్కన చోటు చేసుకుని కూర్చుని, ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది. రెండో చెయ్యి ముందుకు చాచింది. మంచం అంచున వేలాడుతున్న తండ్రి వేళ్లు బెత్తెడు దూరంలో ఉన్నాయి. చెయ్యి అక్కడే ఒక్క క్షణం ఆగిపోయింది.

"తాకకూడదమ్మా" అంది పెద్దావిడ వెనకనుంచి, మెల్లగా.

లియింగ్ చెయ్యి పక్కకి తిప్పి తెరని తాకింది.