ఆటలో విలన్

ఆ ఉదయం ఆ ఇంట్లో ఎవరికీ కాఫీ సయించలేదు. అమ్మాయి నాలుగేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని తయారుచేసిన వీడియో గేమ్ మీద ఆ రోజే సమీక్షలు రావాలి. బాగుందంటే సరే. లేకపోతే స్నేహితులతో కలిసి పెట్టిన చిన్న ఆఫీసు మూసేసి బ్యాంకు పరీక్ష రాయాలి. తండ్రితో కుదిరిన ఒప్పందం అది.

ఆ తండ్రి బ్యాంకులో లాకర్ల గది చూసుకుని రిటైరైన మనిషి. బీరువాలకే కాదు, కూతురి రాకపోకలకి కూడా తాళం వేసేవాడు. తల్లీకూతుళ్ళు చాటుగా ఆయనకి పెట్టుకున్న పేరు తాళంకప్ప. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలియనట్టు ఉండడమే పెద్దరికం అనుకునేవాడు.

"నాన్నా! వచ్చేశాయి!" అమ్మాయి గదిలోంచి ఒక్క గంతులో బయటికొచ్చింది. "ఈ ఏడాది వచ్చిన ఆటల కథలన్నిట్లో ఇదే మిన్న అన్నారు!"

తల్లి చేతిలో గరిటతోనే పరుగెత్తుకొచ్చింది. తండ్రి కళ్ళజోడు పెట్టుకుని, కూతురి ఫోను అందుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆకాశాన్నంటే మేడలు, నియాన్ దీపాల మధ్య వాన, మనుషుల ఒంట్లో యంత్రాలు. ఆ నగరంలో ఒక పిల్లని మేడ దిగనివ్వని కాపలా యంత్రం. చదువుతున్నకొద్దీ ఆయన గొంతు గర్వంతో పెరిగింది. "విలన్ అద్భుతం. తలుపులన్నీ మూసేసి, నీ మంచికే చెబుతున్నా, బయట ఎలాంటివాళ్ళున్నారో నీకేం తెలుసు అంటుంటే..."

అక్కడ ఆగిపోయాడు.

"ఇవి నా మాటలు."

అమ్మాయి నేలచూపులు చూసింది.

"నన్ను విలన్ని చేశావా? కన్నతండ్రిని నలుగురిలో నవ్వులపాలు చేశావా?"

"ఎవరూ నవ్వట్లేదు నాన్నా. చివరిదాకా చదవండి."

"చదివింది చాలు! నీకోసం కాపలా కాసి కాసి ముసలాణ్ణయ్యాను."

"నేనూ ఆ కాపలాలోనే పెద్దదాన్నయ్యాను!" అమ్మాయి తలెత్తింది. "మీతో చెప్పే ధైర్యం లేక ఆటలో చెప్పుకున్నాను."

తల్లి మధ్యలోకి వచ్చింది. "ఏవండీ, ముందు ఆడి చూడండి. తర్వాత ఎంత కోపమైనా పడుదురుగాని."

ఆయన మొహం ముటముటలాడించుకుంటూనే కూర్చున్నాడు. కూతురు చివరి ఘట్టం తెరిచింది. తెరమీద పిల్లకి చలేస్తోందని యంత్రం గది వెచ్చబరిచింది. పిల్ల నిద్రపోయేదాకా కునుకు తీయలేదు. ఆ యంత్రానికి ఆ పిల్లంటే ప్రాణమని ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? కోపం ఎటుపోయిందో పోయింది. చివరికి పిల్ల గుమ్మం ముందు నిలబడింది. యంత్రం శాశ్వతంగా ఆగిపోతేగాని తలుపు తెరుచుకోదు. దాన్ని ఆపే మీట ఆడేవాళ్ళ చేతిలో ఉంది.

"సమీక్షకులంతా ఇక్కడే చిక్కుకుపోయారు నాన్నా. పాపం, నొక్కడానికి చేతులు రాలేదని రాశారు. ఒకాయనైతే..."

ఆమె మాట పూర్తికాకుండానే తండ్రి నొక్కేశాడు.

యంత్రం దీపాలు ఆరిపోయాయి. తలుపు తెరుచుకుంది. పిల్ల వానలోకి నడిచింది.

"అదేంటి నాన్నా! కొంచెం కూడా ఆలోచించలేదా?"

"ఆలోచించడానికేముందే? పిల్ల బయటికి వెళ్ళాలిగా!"

కళ్ళజోడు తీసేసరికి కన్నీళ్ళు జలజలా రాలాయి. అమ్మాయి ఆయన్ని వాటేసుకుని బావురుమంది. తల్లి కళ్ళొత్తుకుంటూనే ఆడపడుచుకి ఫోను కలిపింది.

"వదినా, విన్నారా? లోకమంతా మెచ్చుకున్న విలన్ మావారే!"

"ఇటివ్వు, నేను చెబుతా," అంటూ ఆయన ఫోను లాక్కున్నాడు. "అక్కా, బ్యాంకూ లేదు, గీంకూ లేదు. మా అమ్మాయి ఇంకో ఆట మొదలుపెడుతోంది!"