మంత్రిగారి గదిలో మూడో చెవి

"కొండబాబూ, కేంద్ర ఆర్థికమంత్రి బాలగంగాధరం గారు అమలాపురంలో ఉన్నారు. సన్మానం అయ్యాక గెస్ట్‌హౌస్ నుంచి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌కి ఫోన్ చేస్తారు. వచ్చే అయిదేళ్లకి ద్రవ్యోల్బణం ఎంత దాటకూడదో ఆ కాల్‌లో తేలుతుంది." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "వడ్డీ రేట్లన్నీ ఆ అంకెని బట్టే. ముందే తెలిస్తే దుబాయ్ ముఠా మన రూపాయి మీద పందెం కాస్తుంది. మైక్ పూలదండలో ఉందని రేచల్ కబురు."

రేచల్ సన్మానసభకి యాంకర్. రాజోలు పిల్ల. ముఠాలో దూరిన మన ఏజెంట్. ఆమె నవ్విందంటే సభ సభంతా చప్పట్లు కొట్టడం మరిచిపోవాల్సిందే.

బొండాలు కొట్టేవాడి వేషంలో ఉన్న కొండబాబు దండలన్నీ స్కానర్‌తో తడిమాడు. ఏమీ లేదు. అసలు దండలో మైక్ పెట్టే వెర్రిబాగులవాడెవడు? మన నాయకుల మెడలో దండ నిమిషం ఉంటుందా? శాలువా గన్‌మన్ భుజమ్మీదికి పోతుంది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మాత్రం ఎవరూ వదలరు. మంత్రిగారు దాన్ని స్వయంగా గదిలోకి పట్టుకెళ్లారు.

ఇచ్చింది రేచల్!

కొండబాబు పరిగెత్తాడు. లోపల "హలో, గవర్నర్ గారూ..." అని వినిపిస్తోంది. తలుపు తన్ని, డబ్బా లాక్కుని బాత్రూమ్ బకెట్‌లో ముంచేశాడు. మైక్ చచ్చింది.

వరండాలో రేచల్ పారిపోకుండా నిలబడి ఉంది.

"ఎందుకిలా చేసేవమ్మా?"

"మా తమ్ముడు దుబాయ్‌లో వాళ్ల కంపెనీలోనే డ్రైవరండీ. పాస్‌పోర్టు లాగేసుకున్నారు. ఈ కాల్ వినిపిస్తే విమానం ఎక్కిస్తామన్నారండీ. లేదంటే దొంగతనం కేసెట్టి జైలేనండీ. చీఫ్ గారికి ముందే చెప్పేను. చూద్దాం అన్నారు. ఏం చూసేరండీ?"

కొండబాబుకి సిగ్గేసింది. తల దించుకున్నాడు.

మంత్రిగారు కాల్ ముగించి విసుక్కుంటూ బయటికొచ్చారు. "ఏంటయ్యా ఈ గోల? ఎప్పుడూ ఉండే అంకే ఉంచేం. పేపర్లవాళ్లంతా రాసిందే! దీనికి రూపాయి కదులుతుందా ఎక్కడైనా?"

"అయితే వినిపించినా ఎవరికీ ఏం పోయేది కాదన్నమాట," అంటూ రేచల్ అక్కడే కూలబడింది. తమ్ముడికి ఫోన్ చేసింది. స్విచాఫ్.

"శభాష్! రూపాయి క్షేమం," అన్నాడు చీఫ్ కొండబాబు ఇయర్‌పీస్‌లో.

"ఆ కుర్రాడి సంగతేంటి సార్?"

"అది మన పరిధి కాదోయ్."

మర్నాడు మార్కెట్ తెరిచారు. రూపాయి పైసా కూడా కదల్లేదు. దేశంలో అందరూ క్షేమం. రేచల్ తమ్ముడు దేశంలో లేడుగా!