పన్నెండూ యాభైకి వేసిన వేలిముద్ర

మధ్యాహ్నం ఒంటిగంటా యాభై నిమిషాలకి, పామర్రు దాటకముందే, అంబులెన్సులో బాబూరావు ప్రాణం పోయింది. వయసు అరవై రెండు. గుండెపోటు. పక్కన ఒక నర్సు తప్ప అయినవాళ్లెవరూ లేరు.

తొమ్మిది రోజుల తర్వాత అతని భార్య వీరమ్మ మచిలీపట్నంలో ఎస్సై శామ్యూల్ రాజ్ ముందు కూర్చుంది.

"నాకేమీ ఇప్పించొద్దు బాబూ. ఆ కాయితం మీద వేలేసింది నేను కాదని మావాడికి తెలిస్తే చాలు."

మావాడంటే కొడుకు బాబ్జీ. స్టేషన్ గుమ్మం అవతలే నిలబడ్డాడు. తండ్రి పోయిన రోజు అతను వేటకెళ్లి సముద్రం మీద ఉన్నాడు. తిరిగొచ్చాక 'తీరం' హాస్పిటల్ వాళ్లు ఒక ఫారం చూపించారు. డాక్టర్ల సలహా కాదని, మా ఇష్టం మీదే రోగిని విజయవాడ తీసుకుపోతున్నాం అని ఉంది. టైము పన్నెండూ యాభై. కింద వీరమ్మ పేరు, వేలిముద్ర. మంచి ఆస్పత్రిలో ఉన్న మనిషిని మొండితనంతో కదిలించి చంపుకుందని ఊరంతా అంది. బాబ్జీ కూడా నమ్మాడు. తల్లితో మాట మానేశాడు.

"ఆ టైములో ఎక్కడున్నావమ్మా?"

"పన్నెండున్నర కాకముందే నర్సమ్మ ఆధార్ కార్డు తెమ్మంది. గిలకలదిండిలో ఇంటికెళ్లొచ్చేసరికి మంచం ఖాళీ."

"డాక్టరు చూశాడా?"

"ఒక్కడూ రాలేదు బాబూ."

కానిస్టేబుల్ నరసింహం స్టేట్‌మెంట్ రాసి ఆమె బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించాడు. మచ్చ పడింది. వేలు తుడిచి మళ్లీ వేయించాడు. మళ్లీ మచ్చే. "కదపకమ్మా," అని విసుక్కుని మూడోసారి కూడా వేయించి, ఇక వదిలేశాడు. శామ్యూల్ రాజ్ ఆ సమయంలో హాస్పిటల్ ఫారం చదువుతూ ఉన్నాడు, తలెత్తలేదు.

మధ్యాహ్నం మూడింటికి హాస్పిటల్‌కి వెళ్లాడు. అడ్మినిస్ట్రేషన్ హెడ్ నాగేంద్రబాబు కుర్చీ వేయించాడు. మర్యాదకేం లోటు లేదు.

"సీసీ కెమెరా?"

"రిపేర్లో ఉందండీ."

"ఆ రోజు డ్యూటీ డాక్టరు?"

"రౌండ్స్‌లో ఉన్నారు."

"చల్లపల్లిలో సొంత క్లినిక్‌లో ఉన్నాడని విన్నాను."

నాగేంద్రబాబు ఫారం మీద సాక్షి సంతకం చూపించాడు. "ఇది చూడండి సార్. తేజస్విని. గుడివాడ కాలేజీ స్టూడెంటు, మా దగ్గర హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఏ పొరపాటున్నా ఆ అమ్మాయినే అడగాలి."

అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. మెడలో ఇంటర్న్ అని రాసిన కార్డు.

"వీరమ్మ వేలేస్తుంటే చూశావా?"

"చూశానండి."

"ఎక్కడ?"

నాగేంద్రబాబు వైపు చూసి, "కౌంటర్ దగ్గరండి," అంది.

అబద్ధమని పసివాడికైనా తెలుస్తుంది. పైవాళ్లు చేసిన పాపం ఈ పిల్ల నెత్తిన రుద్దుతున్నారని శామ్యూల్ రాజ్‌కి ఒళ్లు మండింది. ఎలాగైనా బయటపడేయాలనుకున్నాడు. ఆ జాలే అతని కళ్లకి అడ్డం పడింది.

స్టేషన్‌కి తిరిగొచ్చి, ఫారాన్నీ స్టేట్‌మెంట్‌నీ పక్కపక్కన పెట్టాడు. రెండు ముద్రల్లో తేడా అప్పటికిగాని చూడలేదు. చూశాక రెండూ కవర్లో పెట్టి దగ్గర ఉంచుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి హాస్పిటల్ రికార్డ్స్ రూములో అందరినీ కూర్చోబెట్టాడు. నాగేంద్రబాబు, హెడ్ నర్సు సుమలత, తేజస్విని. ఇటువైపు వీరమ్మ, బాబ్జీ.

"బాబ్జీ, మీ అమ్మ ఏం పని చేస్తుంది?"

"ఉప్పు చేప ఎండబెడతాదండి. నలభై ఏళ్లుగా అదే పని."

"రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడుతుందా?"

"మిషన్ తీసుకోదండి. ఉప్పుకి వేళ్లు అరిగిపోయి గీతల్లేవు. కళ్లు చూపించి బియ్యం..."

బాబ్జీ తల్లి చేతుల వైపు చూశాడు.

శామ్యూల్ రాజ్ రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు. "నిన్న మా కానిస్టేబుల్ వీరమ్మ చేత మూడుసార్లు వేయించాడు. మూడూ మచ్చలే. ఫారం మీద ముద్ర చూడండి, ప్రతి గీతా లెక్కపెట్టొచ్చు. ఇది ఉప్పులో చెయ్యి పెట్టని వేలు. సన్నటి బొటనవేలు. ముగ్గురూ ముద్రలివ్వండి, ఫింగర్‌ప్రింట్ బ్యూరోకి పంపుతాను."

నాగేంద్రబాబు ఇచ్చాడు. సుమలత ఇచ్చింది. తేజస్విని చెయ్యి చున్నీలోంచి బయటికి రాలేదు.

"అక్కర్లేదండి," అంది. "అది నాదే."

"నోరు మూసుకో," అన్నాడు నాగేంద్రబాబు.

"ఎవరు వెయ్యమన్నారు?"

"నాగేంద్రబాబు సారేనండి. పేషెంటు ఇక్కడ పోతే డాక్టరు లేడని బయటపడుతుంది, పంపించేద్దాం అన్నారు. సంతకానికి మనుషులు దొరక్కపోతే ఇంటర్న్‌లే వేలేస్తారండి ఇక్కడ. మా సీనియర్లూ వేశారు. ఫైలు పూర్తి చెయ్యడమే అడ్మినిస్ట్రేషన్ అని నేర్పారు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే."

"వీరమ్మని కార్డు కోసం పంపింది అందుకేనా?"

సుమలత తల వంచుకుంది. "డాక్టరు కోసం గొడవ చేస్తోందని పంపించెయ్యమన్నారండి."

నాగేంద్రబాబు ఫోను తీశాడు. గుమ్మం దగ్గరున్న నరసింహం వచ్చి దాన్ని చేతిలోంచి లాక్కున్నాడు. శామ్యూల్ రాజ్ నిందితుల పేర్లు రాయడం మొదలుపెట్టాడు, డాక్టరుతో కలిపి నలుగురు. మూడో పేరు దగ్గర పెన్ను ఆగింది. వదిలేయడానికి దారి వెతికాడు, దొరకలేదు. తేజస్విని అని రాశాడు.

వీరమ్మ ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"నువ్వు వేలేసేటప్పటికి ఆయనకి తెలివి ఉందా తల్లీ?"

"ఉందండి. మీరెక్కడని అడిగారు. రెండుసార్లు."

"నువ్వేం చెప్పావు?"

"వస్తున్నారని చెప్పానండి."

"నా దగ్గర ఫోనుంది కదమ్మా. నంబరు రాయించాను."

తేజస్విని ఏడుస్తూ తలూపింది. ఆ నంబరు ఫైల్లోనే ఉంది, ఫారానికి పై కాగితం మీద.

"అమ్మా," అన్నాడు బాబ్జీ వెనక నుంచి. మళ్లీ పిలిచాడు. వీరమ్మ వెనక్కి తిరగలేదు.