సగం పార్శిళ్ళ మలుపు

చీకటి పడ్డాక ఆ మలుపులో కారు ఆపొద్దనేవారట. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌కి రెండు గంటల దూరాన, మొక్కజొన్న చేల మధ్య మలుపు అది. రోడ్డు పక్కన నాలుగు పోస్టు డబ్బాలు, వాటి వెనక పాడుబడ్డ చెక్క ఇల్లు. ఆ ఇంటి ముసలమ్మ, కొడుకు ఉత్తరం కోసం డబ్బా దగ్గర నిలబడి నిలబడి, ఓ చలికాలం మంచులో బిగుసుకుపోయిందట. అప్పట్నుంచి అక్కడ దించిన పార్శిళ్ళు సగమే మిగులుతాయని చెప్పుకునేవారు.

శశికళ దెయ్యాన్ని నమ్మలేదు. ఆవిడ అనుమానమల్లా బతికున్న మనిషి మీద... వసుమతి మీద.

ఇద్దరి మొగుళ్ళూ ఒకే ఆస్పత్రిలో డాక్టర్లు. 1981లో ఆ చుట్టుపక్కల తెలుగిళ్ళు ఆ రెండే. పోస్టుమాన్ ఇళ్ళదాకా రాడు, అందరివీ ఆ మలుపులోనే దించేసి పోతాడు.

ఓడ మీద ఆలస్యమవుతుందని, శశికళకి మూడో నెలలోనే వాళ్ళమ్మ తెనాలి నుంచి సీమంతం పార్శిల్ పంపింది. ఎనిమిదో నెలకి చేరింది — కుట్లు తెగి. చీర ఉంది. గాజులు లేవు, కాకరకాయ కారం లేదు, అమ్మ ఉత్తరంలో రెండో కాగితం లేదు. శశికళ ఆ డబ్బాల దగ్గరే, వసుమతి చూస్తుండగానే, కూలబడి ఏడ్చింది.

వసుమతికి మాత్రం నెలనెలా, తెల్లగుడ్డలో కుట్టిన పార్శిల్, చెక్కుచెదరకుండా! "మా అమ్మ పంపింది శశీ" అంటూ గుండెలకి హత్తుకుని కారెక్కేది. ఒక్క పచ్చడి ముక్క రుచి చూడమన్న పాపాన పోలేదు. అసూయంటే అసూయే మరి, శశికళ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. నా గాజులు కాజేసింది ఈవిడేనని తేల్చేసుకుంది.

డిసెంబరు. ఐదింటికే చీకటి. వసుమతి కారు మలుపు వైపు వెళ్ళడం వంటింటి కిటికీలోంచి చూసింది. అంతే, కోటు తగిలించుకుని ఆ కడుపుతోనే నడుచుకుంటూ బయల్దేరింది.

మంచు... గాలి... పాడింట్లో సన్నగా వెలుగు.

కాళ్ళు ఆగిపోయాయి. వరండాలో తెల్లగా ఏదో కదులుతోంది — లేస్తోంది, వాలుతోంది. దాంతోపాటు ఏడుపు...

"అమ్మా... అమ్మా..."

మిషిగన్ దెయ్యం తెలుగులో ఏడవదు కదా! శశికళ అడుగు ముందుకేసింది. మెట్టు కిర్రుమంది.

"ఎవరూ?"

లాంతరు పక్కన వసుమతి. చేతిలో సూది. ఒళ్ళో అట్టపెట్టె, దాని చుట్టూ తెల్లగుడ్డ.

"నా గాజులేవండీ?" శశికళ పెట్టె లాక్కుంది. లోపల... నలిపి కుక్కిన పాత న్యూస్‌పేపర్లు.

"నీ గాజుల సంగతి నాకు తెలీదు శశీ..." వసుమతి ఆ తెల్లగుడ్డ అంచు పట్టుకుంది. "ఇది రెండేళ్ళనాటి గుడ్డ. మా అమ్మ పంపిన ఆఖరిది. ఆవిడ పోయాక నాకు పంపేవాళ్ళెవరున్నారు? నువ్వొచ్చావు, నీకు పార్శిళ్ళు రావడం మొదలైంది... చూళ్ళేకపోయాను. ప్రతినెలా దీన్నే మళ్ళీ కుట్టి, నా డబ్బా కింద నేనే పెట్టుకుంటున్నా. ఇంట్లో కుడితే ఆయన చూస్తారని ఇక్కడ..."

శశికళ పెట్టె తిరిగి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"సగమే వచ్చిందని ఏడ్చావు చూడు ఆవేళ..." వసుమతి గుసగుసగా అంది. "ఆ సగం చూసి, ఆ రాత్రంతా నేను నిద్రపోలేదు."