మోంజీ నేర్పిన సర్వీస్

ఆ ఉదయం మోంజీ కాఫీ డబ్బా కోసం ఎడమ చెయ్యి చాపడం అతని భార్య వసీలా చూసింది. ఎప్పుడూ కుడిచేత్తో, చూడకుండానే పై అరలోంచి డబ్బా దించే మనిషి, మునివేళ్ళ మీద లేచి ఎడమ చేత్తో తడుముకుంటున్నాడు.

"చెయ్యి నొప్పా?"

"పడుకోవడంలో పట్టేసింది."

"మూడు వారాల నుంచీ పడుకునే ఉన్నావా?"

"పొద్దున్నే పోలీసు ప్రశ్నలేంటి? రొట్టె ఉందా లేదా?"

రొట్టె, ఆలివ్ నూనె, హరీసా మిరపకారం అతని ముందు పెట్టి, కూర్చోకుండా మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది వసీలా. పొయ్యి మీద ఏమీ లేదు. వెలిగించింది, ఆర్పేసింది.

సూస్ ఊళ్ళో టెన్నిస్ రాకెట్ పట్టిన పిల్లల్లో చాలామంది మోంజీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. "నిటారుగా నిలబడు! బంతి నడినెత్తి మీదికి! చెయ్యి చెవిని రాసుకుంటూ లేవాలి!" అన్న అతని కేక క్లబ్బు గోడ దాటి వీధిలోకి వినిపించేది. అలా నేర్చుకున్న వాళ్ళందరిలోకీ బాగా ఆడింది అతని కూతురు మైసా. రెండేళ్ళ కిందట ఒక మ్యాచ్ మధ్యలో ఆమె భుజం పట్టేసింది. ఆరు నెలలు ఆట మానేసి, రాజధాని ట్యూనిస్‌లో వేరే కోచ్ దగ్గర చేరి, సర్వీస్ కొట్టే తీరంతా మార్చుకుంది. మొన్న చలికాలంలో ఆ కొత్త సర్వీస్ చూసి ఇంటికొచ్చిన మోంజీ, చుట్టాలందరూ భోజనానికి కూర్చున్న చోట అనేశాడు: "అలా ఒక పక్కకి ఒరిగి కొట్టడం నేర్పినవాడినే నాన్నా అని పిలుచుకో."

మైసా ఆ పూటే రైలెక్కింది. ఐదు నెలలుగా ఈ గడప తొక్కలేదు.

మోంజీ క్లబ్బుకి వెళ్ళాక వసీలా ఫోన్ తీసింది, పెట్టేసింది. ఇంకా ఆరని బట్టలు తడిమి చూసింది. మళ్ళీ ఫోన్ తీసింది. కూతురు రావాలని ఆమెకి ఎంత ఉందో, వస్తే ఏమవుతుందోనన్న భయమూ అంతే ఉంది. ఆ భయం ఇవాళ్టిది కాదు.

"మీ నాన్న చెయ్యి లేవట్లేదే."

మైసా వెంటనే అడిగింది: "ఎటు ఎత్తితే నొప్పి? ముందుకా, నిటారుగా పైకా?"

"పైకి. చెవి దగ్గరికి."

"ఆదివారం వస్తా."

ఆదివారం మధ్యాహ్నం సంచీ భుజానేసుకుని మైసా లోపలికి వచ్చేసరికి మోంజీ చేపముల్లు తీసుకుంటున్నాడు.

"ఎవరు పిలిచారు దీన్ని?"

"నేనే," అంది వసీలా.

"నాన్నా, ఒక్కసారి చెయ్యెత్తు," అంది మైసా, చెప్పులైనా విప్పకుండా.

"ట్యూనిస్ వెళ్ళి డాక్టరువి కూడా అయ్యావా?"

"ఎత్తు చూద్దాం."

మోంజీ పంతానికి ఎత్తాడు. భుజం ఎత్తు దాటాక ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. చెయ్యి దానంతటదే దిగిపోయింది.

"చెయ్యి నిటారుగా పైకి లాగి కొట్టిన ప్రతిసారీ లోపల కండ ఎముకల మధ్య నలుగుతుంది నాన్నా. రోజుకి రెండొందల సర్వీసులు, ఇన్నేళ్ళు! అందుకే నాకు ఒరగడం నేర్పారు. నడుము ఒరిగితే చెయ్యి భుజాల వరసలోనే ఉంటుంది. బలం కాళ్ళలోంచి వస్తుంది."

"అంటే నేను నేర్పిందంతా తప్పు. నీ భుజం పాడుచేసింది నేనే. అదేగా చెప్పడానికొచ్చావు?"

"నేర్పినందుకు నాకు కోపం లేదు. నొప్పి అని తెలిసి కూడా ఆడించావు, అందుకు!" అంది మైసా.

"ఏ నొప్పి? మ్యాచ్‌లో పట్టేసేదాకా నీకే నొప్పీ లేదుగా."

"అంతకు ముందు ఏడాది నుంచీ ఉంది! అమ్మ నీకు చెప్పింది. జాతీయ జట్టు ఎంపిక అయ్యేదాకా ఓర్చుకోమన్నావు."

"నేనా?"

ఇద్దరూ వసీలా వైపు తిరిగారు.

ఆమె చేతిలో మంచినీళ్ళ జగ్గు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసింది, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఆయనకి చెప్పలేదే. ఓర్చుకోమన్నది నేను. నా మాటైతే వినవని ఆయన అన్నాడని చెప్పా. ఎంపిక నెల రోజుల్లో ఉంది. ఆయన చూస్తే రాత్రీ పగలూ అదే కలవరింత. చెబితే ఇల్లు రెండుగా చీలిపోతుందనుకున్నా. నెల రోజులే కదా అనుకున్నా. ఆ నెల తర్వాత ఇంకో నెల... ఆ తర్వాత ఇక చెప్పే ముఖం లేకపోయింది."

"రెండేళ్ళమ్మా," అంది మైసా మెల్లగా. "రెండేళ్ళు నాన్నని తిట్టుకుంటూ నిద్రపోయాను."

వసీలా తలెత్తలేదు. మోంజీ అరుస్తాడనుకుంది. అతను అరవలేదు.

"నాకు తెలిస్తే ఆ రోజే నీ రాకెట్ లాగేసేవాణ్ణి," అన్నాడు. తన కుడిచేతిని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు దానివైపే చూశాడు. "లేదులే. చెయ్యి సరిగ్గా ఎత్తట్లేదు, అందుకే నొప్పి, ఇంకా ఎత్తు అనేవాణ్ణి. అంతే అనేవాణ్ణి."

లేచి బయటికి నడిచాడు. మైసా వెనకాలే వెళ్ళింది.

గంట గడిచినా ఎవరూ రాలేదు. గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగి, ఉండబట్టలేక వసీలా క్లబ్బుకి బయల్దేరింది. ఎర్రమట్టి కోర్టులో తండ్రీకూతుళ్ళు తప్ప ఎవరూ లేరు. మోంజీ చేతిలో రాకెట్ లేదు, బంతీ లేదు.

"డాక్టరు చూసేదాకా బంతి ముట్టుకోవద్దు. ఉత్త చేత్తోనే. మోకాళ్ళు వంచు. ఎడమ భుజం దించు... అంత కాదు, పడిపోతావ్!" అంటోంది మైసా.

"ముసలి ఒంటెని నాట్యమాడమంటే ఎలా?"

"ఎన్ని కబుర్లు చెప్పినా మోకాళ్ళు వంచాల్సిందే. బంతి నెత్తి మీద కాదు, కాస్త ముందుకి అనుకో. ఆఁ, ఇప్పుడు తిప్పు."

మోంజీ ఒరిగాడు. చెయ్యి చెవి జోలికి పోకుండా నెమ్మదిగా తిరిగి ముందుకొచ్చింది. అతను నిలబడిపోయాడు. మళ్ళీ తిప్పాడు.

"రేపు పిల్లలకి మొదటి నుంచీ చెప్పాలి," అన్నాడు కూతురితో. "నువ్వు రేపు ఉంటావా? నా నోటికి ఆ పాత మాటే వచ్చేస్తుంది."

"ఉంటా."

కంచె అవతల నిలబడ్డ తల్లిని మైసా అప్పుడు చూసింది. దగ్గరికొచ్చింది. మైసా ఆమె అరచేతిని లాగి తన భుజం మీద పెట్టుకుని, సర్వీస్ కొడుతున్నట్టు చెయ్యి తిప్పింది. అరచేతి కింద ఎముక ఎక్కడా పట్టకుండా సాఫీగా కదిలింది.

"ఇప్పుడు నొప్పి లేదమ్మా," అంది మైసా.

వసీలా ఆ భుజం మీదే తల ఆనించి ఏడ్చేసింది.