రెండో రాడ్డు

ఇంజనీరు అలీ అహ్మద్‌ను ఎర్రగుంట్ల స్టేషన్లో పట్టపగలు కాల్చి చంపారు. ఫ్యాక్షన్ హత్యేనని జిల్లా అంతా నమ్మింది. ఇంటెలిజెన్స్ ఏజెంట్ చెన్నకేశవ నమ్మలేదు. అలీ అతని ప్రాణస్నేహితుడు. చనిపోయే ముందు ఫోన్లో ఒక్క మాట అన్నాడు: "జమ్మలమడుగు షెడ్డు లెక్క తప్పు కేశవా."

"పులివెందుల దగ్గర అణుఖనిజం సర్వే ఆపించాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది," అన్నాడు చీఫ్. "రేపు ఆ షెడ్డులోనే కొండయ్య పార్టీకీ, వెంకటేశు పార్టీకీ రాజీ. నాయకులిద్దరూ చస్తే జిల్లా తగలబడుతుంది, సర్వే మూతపడుతుంది. కానీ షెడ్డు భూకంపానికైనా నిలుస్తుందని కంప్యూటర్ చెప్పిందట. ఆ లెక్కను మన ఆఫీసు పాస్ చేసింది."

చెప్పిందట! చెన్నకేశవకు ఒళ్లు మండిపోయింది. కళ్లు మూసుకుని సంతకం పెట్టిన చేతులు విరిచేయాలనిపించింది.

మర్నాడు ప్రొద్దుటూరు షామియానా కూలీ వేషంలో కుర్చీలు మోస్తూ షెడ్డులోకి వచ్చాడు. నల్లకళ్లద్దాలు, ఘుమఘుమలాడే సెంటుతో ఖమ్రున్నీసా ఎదురైంది. ముఠా దగ్గర జీతం తీసుకునే ఇంజనీరు. లోపల మాత్రం మన మనిషి.

"ఎండ శానా ఉందప్పా."

"మబ్బు పడతాదిలేమ్మా."

కోడ్ కుదిరింది. ఆమె స్తంభాల మధ్య అడ్డంగా, ఒకదాన్నొకటి దాటుతూ బిగించిన సన్నటి ఇనుప రాడ్లు చూపించింది.

"ఈ రాడ్డు లాగితేనే పనిచేస్తాది. నెడితే వంగిపోయి వదులైతాది. లెక్కలో మాత్రం రెండూ కలిసి మోస్తాయని రాసినారు. జతలో ఒకటి తీసేసి నేను మళ్లా లెక్క చేసినా. మిగిలిందాని మీద బరువు రెండింతలు పడతాంది. తెగుతాది. అలీ ఇదే అడిగినాడని చంపినారు."

"షెడ్డును ఊపేదేంది?"

"పక్క క్వారీలో మందుగుండు. ఫ్యూజు అంటించేసినారప్పా. ఇంగ ఆపలేం."

బాంబని అరిస్తే రెండు పార్టీలూ ఎదుటివాళ్ల పన్నాగమేనని కొడవళ్లు దూస్తాయి. షెడ్డు కూలేలోపే సగం మంది చస్తారు. చెన్నకేశవ పళ్లు నూరాడు. వేదిక మీద కుర్చీలు రెండూ సమానంగా ఉండాలని పొద్దున్నే ఇరుపక్షాలూ టేపు పెట్టి కొలిపించాయి. అతను నేరుగా వెళ్లి వెంకటేశు కుర్చీలో ఒక మెత్త వేశాడు.

వెంకటేశు కూర్చున్నాడు. కొండయ్య కన్నా జానెడు ఎత్తుగా కనిపించాడు.

కొండయ్య కళ్లెర్రజేశాడు. "ఏందిరా ఇది? వానికి మెత్త, నాకు చెక్కనా? లెయ్యండ్రా, పోదాం!"

"నువ్వు లేచిపోతే నేనీడ కూచుంటానా? మనోళ్లంతా బయటికి రాండ్రా!"

రెండు గుంపులూ రెండు వాకిళ్ల గుండా తిట్టుకుంటూ బయటపడ్డాయి. చివరి మనిషి గడప దాటగానే క్వారీ దద్దరిల్లింది. నేల ఊగింది. జతలో ఒక రాడ్డు వంగింది, రెండోది ఫట్‌మని తెగింది. వరసగా అన్నీ తెగి, షెడ్డు మొత్తం ఖాళీ కుర్చీల మీద కూలింది.

దుమ్ములో నాయకులిద్దరూ నోరెళ్లబెట్టి నిలబడ్డారు. ఖమ్రున్నీసా చూపించిన ముఠావాణ్ణి చెన్నకేశవ కాలర్ పట్టి జీపులోకి విసిరేశాడు. అలీ గుర్తొచ్చి ఇంకో రెండు తగిలించాడు. బీడీకట్టలో దాచిన వైర్‌లెస్ గరగరలాడింది.

"రాజీ ఏమైంది?" అడిగాడు చీఫ్.

"చెడగొట్టాను సార్. అందుకే అందరూ బతికారు."

"ముఠా ఎక్కడ దెబ్బతింది?"

"ఆఫీసోళ్ల మాదిరే సార్. వాళ్లు రాడ్లను, వీళ్లు నాయకులను. జతలో రెండూ ఒక్కచోట నిలబడతాయని నమ్మారు."