వెండి గుండీల కోటు

సింగపూర్‌లో, యీషున్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకుల వెనక ఒక ఖాళీ బంగళా ఉంది. తెల్లదొరల కాలం నాటిది. దాని పక్కనుంచి బస్టాపు నుంచి ఇళ్లకి అడ్డదారి. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ రారు. అక్కడ తల లేని సోల్జర్ ఒకడు తిరుగుతాడని... లేని తలని నడుముకి కట్టుకుని మరీ తిరుగుతాడని... ఎదురు ఫ్లాట్ మలయ్ ముసలావిడ నా స్నేహితురాలు సుచిత్రకి చెప్పింది.

సుచిత్రది బ్యాంకులో రిస్క్ డిపార్ట్‌మెంట్. "రోజూ ఏదో ఒక వింతతో పేపర్లకెక్కే ఈ యీషున్‌లో ఫ్లాట్ తీసుకున్నాక దెయ్యం కూడా ఒక రిస్కా ఆంటీ?" అని నవ్వేసిందట.

ఒక శుక్రవారం చీకటి పడ్డాక కూతురు వర్షితని స్విమ్మింగ్ క్లాసు నుంచి తీసుకొస్తోంది. బస్సు దిగేసరికి ఉరుములు. గొడుగు లేదు. సరే, అడ్డదారి.

సగం దూరం వచ్చారో లేదో — ఏదో మూలుగు. దున్నపోతు గొంతు నొక్కితే ఎలా ఉంటుందో, అలా. సాగి... సాగి... ఠక్కున ఆగిపోయింది.

సుచిత్ర బంగళా వైపు చూసింది.

మెట్ల మీద మనిషి లేడు. రెండు వరసల వెండి గుండీలు మాత్రం చీకట్లో నిలబడి ఉన్నాయి. వాటి పైన, మెడ ఉండాల్సిన చోట, తెల్లటి లేసు కుచ్చు. ఆ పైన ఏమీ లేదు. కింద, నడుము దగ్గర — పొడుగాటి తెల్లగడ్డంతో ఒక తల. గాలికి గడ్డం ఊగుతోంది. దాని కింద రెండు ఉత్త మోకాళ్లు.

సుచిత్ర పరిగెత్తింది. ఆంజనేయ దండకం ఎత్తుకుని, రెండో లైను గుర్తు రాక, నోటికొచ్చిన పిన్ నంబర్లు జపిస్తూ పరిగెత్తింది. బస్టాపు వెలుతురులోకి వచ్చి ఆగింది.

చేతిలో స్విమ్మింగ్ బ్యాగు ఉంది. వర్షిత లేదు.

"అప్పుడు చూడు భయమంటే... దెయ్యాన్ని చూసినప్పుడు పడ్డది అసలు భయమే కాదు" అంది నాతో.

చెప్పు తీసి చేత్తో పట్టుకుంది. వెనక్కి నడిచింది.

దారిలో ఉన్న ఒక్క లైటు కింద వర్షిత నిలబడి ఉంది. పక్కన గళ్ల స్కర్టు కట్టుకున్న కుర్రాడు. చంకలో గొట్టాల సంచి.

"వై యూ రన్, అమ్మా? దిస్ అంకుల్ ఫ్రమ్ నెల్లూర్, లా" అంది పాప, అచ్చం ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

చెప్పు గాల్లోనే ఆగింది.

"సారీ అక్కా. పాప ఒక్కతే ఉంటే లైటు కిందికి తీసుకొచ్చినా. నా పేరు అనిరుధ్, యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తా ఉన్నా. స్కాట్లండ్ బ్యాగ్‌పైప్ నేర్చుకుంటున్నా. ఫ్లాట్‌లో వాయిస్తే పక్కింటోళ్లు ఊరుకోరు..."

సుచిత్రకి ప్రాణం లేచొచ్చింది. దాని వెంటే కోపమూ.

"బాగుంది నాయనా. ఆ నడుముకి కట్టుకున్న తలేంటి?"

"తల కాదక్కా, స్పోరన్. ఈ కిల్ట్‌కి జేబులుండవు కదా, ముందర సంచి కట్టుకుంటారు. పాతకాలం సోల్జర్లకైతే గుర్రం వెంట్రుకలతో మోకాళ్ల దాకా వేలాడేది. నాది చిన్నదే."

చూపించాడు. అరచేతంత తోలు సంచి. అందులో ఫోను.

సుచిత్ర సంచి చూసింది. ఆ తర్వాత కోటు చూసింది. మట్టిరంగు ఊలు కోటు. కొమ్ముతో చేసిన గుండీలు. మెడకి మామూలు టై.

"మరి... ఆ నల్లకోటు? వెండి గుండీలు, లేసు?"

"అది డబ్లెట్ అక్కా, విక్టోరియా రాణి నాటి ఫ్యాషను. ఇప్పుడు పెద్ద పెద్ద విందులకి తప్ప వెయ్యరు. ఇది పగటిపూట కోటు, మా మాస్టారుది. అయినా ఎవరు వేసుకున్నారక్కా?"

సుచిత్ర మెట్ల వైపు చూపించింది. అక్కడిప్పుడు ఏమీ లేదు.

అనిరుధ్ అటు చూసి, ఒక అడుగు దగ్గరికి జరిగాడు. తర్వాత గుసగుసగా —

"నేను ఆ మెట్లెక్కలేదక్కా. ఈ చెట్టు కిందే వాయిస్తా. తప్పు పోయినప్పుడల్లా అటునుంచి 'చ్చ్... చ్చ్' అని వినపడేది. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఎవరో అనుకున్నా. ఇందాక... ఇందాక వెనకనుంచి నా కోటు కాలరు సర్దినాడు. చెయ్యి మంచుముక్కలా ఉంది. నేను తిరిగి చూడకుండానే..."

"చూడకుండానే?"

"థాంక్యూ అంకుల్ అన్నానక్కా."